కాస్త జరిగి కూర్చుందాం

"మన ఇంటా వంటా ఫెయిలైనవాడు లేడురా!"

ఈ మాట నేను మావాడిని పట్టుకుని అన్నది 2006 వేసవిలో, ఇంటర్ ఫస్టియర్ ఫలితాలు వచ్చిన రోజున. నెట్ సెంటర్లో గంటసేపు వరసలో నిలబడి తెచ్చుకున్న ప్రింటు కాగితం నా చేతిలో ఉంది. లెక్కల్లో ఒక పేపరు పోయింది. డెబ్బయి అయిదుకి పంతొమ్మిది. వాడు గోడకి ఆనుకుని, నేలమీద గళ్లు లెక్కపెడుతున్నట్టు తల దించుకుని నిలబడ్డాడు. నేను మాత్రం ఆగలేదు. కాలేజీ ఫీజు ఎంత కట్టానో, ట్యూషన్‌కి ఎంత పోశానో, ఎదురింటి కుర్రాడికి ఎన్ని మార్కులొచ్చాయో అంతా ఏకరువు పెట్టాను. ఆ ఊపులోనే వంశం మాట కూడా అనేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. పోపు చిటపటల్లో కలిసిపోయేంత మెల్లగా.

"మీ అకౌంట్ టెస్ట్ సంగతి కూడా చెప్పండి వాడికి."

ఆ మాటకి నా నోరు పడిపోయింది. నేను అప్పటికి పదకొండేళ్లుగా సీనియర్ అసిస్టెంటుని. సూపరింటెండెంట్ కావాలంటే సర్వీస్ కమిషన్ పెట్టే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవాలి. నేను అకౌంట్ టెస్ట్ మూడుసార్లు రాశాను. మూడుసార్లూ తప్పాను. ఇంట్లో మాత్రం "సీనియారిటీ గొడవలున్నాయి, ఫైలు కదలడం లేదు" అని చెప్పుకొచ్చాను. హాల్ టికెట్లు ఎల్ఐసీ బాండ్ల కవర్లో దాచాను. రేషన్ కార్డు కోసం బీరువా వెతుకుతుంటే అవి మా ఆవిడ కంటబడ్డాయట. రెండేళ్లనుంచీ ఆవిడకి తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు.

కోపం వచ్చి బయటికి పోయాను. బందరు కాలవ గట్టుమీద చీకటి పడేదాకా కూర్చున్నాను. మొదట ఆవిడమీద కోపం. తర్వాత నామీద. ఆ తర్వాత ఒక సంగతి తట్టింది. ఒక్కసారి తప్పిన పిల్లాడు దొంగలా గోడకి నిలబడ్డాడు. మూడుసార్లు తప్పిన నేను న్యాయమూర్తిలా కుర్చీలో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మావాడి పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడు హాల్ టికెట్లూ చూపించాను. వాడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష కదా నాన్నా? మరెలా ఫెయిలయ్యావు?" అన్నాడు.

"పుస్తకం దగ్గరుంటే చాలదురా. ఏ రూలు ఎక్కడుందో తెలియాలి."

"నాదీ అదే. ఫార్ములాలన్నీ వచ్చు. ఏది ఎక్కడ వాడాలో తెలీదు."

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని నవ్వేశాం. వాడు నాతో నవ్వి ఎన్ని నెలలైందో కూడా నాకు గుర్తులేదు.

ఆవు చేలో మేస్తే

మన ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. నేర్చుకోవడం పిల్లల పని, నేర్పించడం పెద్దల పని. ఉద్యోగం వచ్చేదాకా, పెళ్లయ్యేదాకానే ఎదగడం. ఆ తర్వాత మన వంతు అయిపోయినట్టే. చేతిలో రిమోటు పట్టుకుని "పోయి చదువుకో" అంటాం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? సామెత మనకి తెలుసు. మనల్ని మనం ఆవు స్థానంలో చూసుకోం, అంతే.

ఇంకోటి కూడా చేస్తాం. "మావాడు చాలా తెలివైనవాడండీ" అని వాడి ముందే నలుగురికీ చెప్పుకుంటాం. అందులో తప్పేముంది అనిపిస్తుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాలు చదివాక నాకు విషయం అర్థమైంది. అయిదో తరగతి పిల్లలకి కొన్ని పజిల్స్ ఇచ్చారు. చేశాక కొందరిని "నువ్వు తెలివైనదానివి, తెలివైనవాడివి" అని మెచ్చుకున్నారు. కొందరిని "బాగా కష్టపడి చేశావు" అన్నారు. తర్వాత కావాలనే కష్టమైన లెక్కలిచ్చి తడబడనిచ్చారు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఆ దెబ్బకి డీలా పడ్డారు. ఆ తర్వాత ఇచ్చిన తేలిక లెక్కల్లో కూడా వెనకబడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు ఇంకా బాగా చేశారు. చివర్లో, వేరే బడి పిల్లలకి మీ మార్కులు రాసి పంపండి అన్నప్పుడు, లేని మార్కులు వేసుకున్నవాళ్లు తెలివైనవాళ్లనిపించుకున్న గుంపులోనే ఎక్కువ.

ఆ చివరి ముక్క దగ్గర నేను ఆగిపోయాను. చిన్నప్పుడు మా నాన్నగారు బడిపంతులు. "పంతులుగారబ్బాయి, లెక్కల్లో పులి" అని ఊరంతా అనేది. ఆ పులి నలభై నాలుగో ఏట హాల్ టికెట్లు బాండ్ల కవర్లో దాచుకుంది.

డైనింగ్ టేబుల్ మీద ట్రెజరీ కోడ్

ఆ రోజునుంచి రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి ఒకవైపు వాడు లెక్కల పుస్తకం, ఇంకోవైపు నేను ఫండమెంటల్ రూల్స్, ట్రెజరీ కోడ్ పెట్టుకుని కూర్చునేవాళ్లం. నేను వాడికి లెక్కలు చెప్పలేదు. చెప్పగలిగే స్థితి దాటిపోయింది. వాడు నాకు రూల్స్ చెప్పలేదు. ఎదురుబొదురుగా కూర్చోవడమే. అయితే నాకు నిద్ర ముంచుకొస్తే వాడు కాలితో తన్నేవాడు. వాడి కళ్లు కిటికీలోకి పోతే నేను టేబుల్ మీద కొట్టేవాణ్ని.

వారం గడిచింది. ఒక రాత్రి మా ఆవిడ మంచినీళ్ల చెంబు పెడుతూ, "నేను కూడా డిగ్రీ కడదామనుకుంటున్నానండీ" అంది.

ఇంటర్ పాసయిన ఏడాదే మా పెళ్లయింది. చదివిస్తామని మావాళ్లు మాటిచ్చారు. ఆ మాట మా పెళ్లి పందిరితోపాటే విప్పేశారు. "తప్పకుండా కట్టు" అన్నాను. అనడానికి ఏం ఖర్చు? 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్న యూనివర్సిటీ ఉండనే ఉంది. ఇల్లాళ్లకీ ఉద్యోగులకీ చదువు మానేసినవాళ్లకీ దారి చూపించింది అదే. దరఖాస్తు తెచ్చాను కూడా. అందులో క్లాసులు ఆదివారాలు అని చూసేదాకా నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఆదివారమంటే మా ఇంట్లో పొద్దున పూరీ కూర, మధ్యాహ్నం కోడికూర. మధ్యలో రెండు కాఫీలు, పేపరు, ఆదివారం అనుబంధం. ఇవన్నీ వాటంతటవే జరిగిపోతాయని నా నమ్మకం. అవి జరిపించే మనిషి పొద్దున తొమ్మిదింటికి చేతిసంచీ పుచ్చుకుని స్టడీ సెంటర్‌కి వెళితే?

"ఈ వయసులో డిగ్రీ ఎందుకు నీకు?" అనేశాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది ఏమన్నానో. ఆవిడ ఏమీ అనలేదు. దరఖాస్తు మడిచి దిండు కింద పెట్టుకుంది.

మాట్లాడింది మా అమ్మ. మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఒరేయ్, మొన్న పెనుగంచిప్రోలు తిరునాళ్లకి బస్సులో ముగ్గురి సీట్లో నలుగురం కూర్చుని వెళ్లాం కదా. ఎలా పట్టామంటావ్?" అంది.

"కాస్త కాస్త జరిగాం."

"మరి ఇప్పుడూ జరుగు."

అక్కా తమ్ముడూ

పెనుగంచిప్రోలంటే అందరికీ తిరుపతమ్మ తల్లి గుడి, మునేరు గుర్తొస్తాయి. ఆ ఊరు ఇంకో మనిషిది కూడా. భండారు అచ్చమాంబ అక్కడే 1874లో పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పదేళ్లకే మేనమామకిచ్చి పెళ్లి చేశారు. బడికి పంపిందెవరూ లేరు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. చదువు కోసం అక్కాబావల దగ్గర మధ్య భారతంలో ఉన్నాడు. తమ్ముడు చదువుకుంటుంటే అక్క పక్కన చేరి నేర్చుకుంది. తమ్ముడే గురువు. తనకంటే మూడేళ్లు చిన్న.

ఆ ఒక్క ఇంట్లో ఏం జరిగిందో చూడండి. అక్క 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో మన దేశపు స్త్రీల చరిత్రలు పుస్తకంగా వేసింది. 1902లో ఆమె రాసిన 'ధన త్రయోదశి'ని తెలుగులో తొలి కథల్లో ఒకటిగా చెప్పుకుంటారు. గురజాడవారి 'దిద్దుబాటు'కి అది ఎనిమిదేళ్లు ముందు. తమ్ముడు హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం. అక్క 1905లో, ముప్ఫై ఏళ్లకే కన్నుమూసింది. పుట్టిన ఇద్దరు బిడ్డలూ అంతకుముందే దక్కకుండా పోయారు. అంత దుఃఖంలోనూ ఆమె కలం ఆగలేదు.

నన్ను కదిలించేది ఆ పుస్తకాల పట్టికకంటే అంతకుముందటి దృశ్యం. ఇంట్లో ఒక పిల్లాడికి చదువు చెప్పిస్తున్నారు. పక్కన ఇంకో మనిషి కూర్చుంది. ఆ పిల్లాడు 'ఇది నా పుస్తకం' అనకుండా కాస్త జరిగాడు.

ఎదుగుదలకి ఖరీదుంది

మా ఆవిడ చేరింది. మొదటి ఆదివారం మా ఇంట్లో అన్నం జావయింది, పప్పు అడుగంటింది. మావాడు కోడిగుడ్లు వేయించి పరువు నిలబెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ వచ్చి గిన్నెలు చూసి ఏమీ అనకుండా తిన్నది. రెండో ఆదివారం ఉప్పు మరిచిపోయాం. నెల తిరిగేసరికి మనుషులు తినగలిగే వంట చేశాం.

కుటుంబమంతా కలిసి ఎదగాలని చెప్పడం సుళువు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇంట్లో ఒకళ్లు ఎదిగితే మిగతావాళ్ల సౌఖ్యం కొంత తగ్గుతుంది. వేళకి కాఫీ రాదు. ఉతికిన చొక్కా దొరకదు. "నాకు తెలీదు" అనని నాన్న ఉన్నట్టుండి తెలీదంటాడు. అన్నిటికీ సరేననే అమ్మ "ఇప్పుడు కుదరదు, రేపు పరీక్ష" అంటుంది. ఈ చిన్న నష్టాలని ముందే మాట్లాడుకోని ఇళ్లలో, మొదట ఉత్సాహపరిచినవాళ్లే మూడో నెలకి మొహం ముడుచుకుంటారు. నేనూ ముడుచుకున్నాను. ఆవిడ సెమినార్ అని పండగపూట వెళ్లిన రోజు సాయంత్రందాకా మాట్లాడలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మా అమ్మాయి దగ్గర తగిలింది. అప్పుడది ఏడో తరగతి. "అందరూ చదువుకుంటున్నారు, నాతో ఎవరూ ఆడరు" అని అలిగింది. మా అమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని, "అయితే నువ్వు నాకు సంతకం నేర్పవే" అంది. నాన్నగారు పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కి అమ్మ బ్యాంకులో వేలిముద్ర వేసేది. పంతులుగారి భార్యకి అక్షరం రాకపోవడం ఏమిటని ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పలక వచ్చింది, బలపం వచ్చింది. నాలుగు రోజులు బాగానే సాగింది. అయిదో రోజు నేను ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల మా అమ్మాయి గొంతు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? బుర్ర ఎక్కడ పెట్టావ్? పక్కింటి వాళ్లని చూసి నేర్చుకో!"

నా మాటలు. ఒక్క అక్షరం పొల్లు పోకుండా, నా గొంతులో ఉండే విరుపుతో సహా. డెబ్బయి ఏళ్ల మా అమ్మ పలక ఒళ్లో పెట్టుకుని, అచ్చం మావాడు గోడకి నిలబడ్డట్టే తల దించుకుని కూర్చుంది. ఆ తర్వాత వారంపాటు పలక ముట్టుకోలేదు.

పిల్లని కోప్పడబోయి ఆగాను. ఎవరి దగ్గర నేర్చుకుందని కోప్పడను? దాన్ని కూర్చోబెట్టి, "ఆ మాటలు నావే తల్లీ. నీతో, అన్నయ్యతో అన్నాను. తప్పు. మనిద్దరం మానేద్దాం" అన్నాను. అది నావైపు చిత్రంగా చూసింది. నాన్న 'తప్పు' అనడం దానికి కొత్త. మర్నాడు నాయనమ్మ పలకమీద వంకర అక్షరం కింద "నిన్నటికంటే బాగుంది" అని రాసింది. మా అమ్మకి చదవడం రాదు కాబట్టి పైకి చదివి వినిపించింది కూడా.

మాకు పనికొచ్చినవి

పెద్ద సూత్రాలేమీ లేవు. పడుతూ లేస్తూ కనుక్కున్న నాలుగు ముక్కలు చెబుతాను.

ఎవరేం నేర్చుకోవాలో వాళ్లే ఎంచుకోవాలి. పిల్లల తరఫున మనం ఎంచిపెట్టేది వాళ్ల ఎదుగుదల కిందికి రాదు, మన కోరిక కిందికి వస్తుంది. మా అమ్మాయి ఆ ఏడు సైకిల్ నేర్చుకుంటానంది. లెక్కల ట్యూషనంటే బాగుండుననిపించింది గానీ నోరు మూసుకున్నాను.

శనివారం రాత్రి భోజనాలయ్యాక పావుగంట కూర్చునేవాళ్లం. ఆ వారం ఎవరికేది కుదరలేదో వాళ్లు చెప్పాలి. పెద్దవాళ్లు ముందు. అడగందే ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఈ చివరి షరతు నాకు మహా కష్టంగా ఉండేది.

'నీకు నానుంచి ఏం కావాలి, నేనేం వదులుకోవాలి' అని ముందే అడిగేసుకోవడం. మా ఆవిడకి ఆదివారాలు కావాలి. మావాడికి రాత్రి టీవీ ఆగాలి. అమ్మకి రోజూ పది నిమిషాలు, ఒక మంచి మాట కావాలి. తేలిగ్గా కనబడతాయి గానీ ఒక్కోదాని వెనక ఒకరి అలవాటు తెగాలి.

చివరిది, దీన్ని కూడా ఇంకో స్కూలు టైంటేబుల్ చెయ్యకుండా ఉండడం. చుట్టాలొస్తారు, జ్వరాలొస్తాయి, క్రికెట్ మ్యాచ్ వస్తుంది. ఒక వారం పోతే పోయింది. మళ్లీ వారం టేబుల్ తుడుచుకుని కూర్చుంటే సరి.

చివరికి ఏమైంది

మావాడు సప్లిమెంటరీలో ఆ పేపరు నలభై ఒక్క మార్కులతో గట్టెక్కాడు. ర్యాంకులేమీ కొట్టలేదు. మామూలు ఇంజనీరింగ్ కాలేజీలో చదివి మామూలు ఉద్యోగం చేస్తున్నాడు. నేను ఆసారి కూడా తప్పాను. నాలుగోసారి. కానీ ఈసారి హాల్ టికెట్ దాచలేదు. శనివారం నేనే ముందు చెప్పాను. "ఎన్నొచ్చాయి నాన్నా?" అన్నాడు మావాడు. చెప్పాను. "పర్లేదు, నా పంతొమ్మిదికంటే నయమే" అన్నాడు. తర్వాతి విడతలో పాసయ్యాను. మా ఆవిడ మూడేళ్ల డిగ్రీ అయిదేళ్లకి పూర్తి చేసింది. ఇంగ్లిష్ పేపరు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి వంశం మాటా ఎత్తలేదు.

ఇక మా అమ్మ. ఆరు నెలలకి సంతకం వచ్చింది. బ్యాంకుకి తీసుకెళ్తే వేలిముద్ర ఖాతాని సంతకం ఖాతాగా మార్చడానికి ఫారం నింపాలన్నారు, ఫొటోలు తెమ్మన్నారు, రెండుసార్లు తిప్పారు. మూడోసారి కౌంటర్ దగ్గర అమ్మ కళ్లజోడు సర్దుకుని, నాలుక మునిపంట పట్టుకుని, తన పేరు రాసింది. ఒక దీర్ఘం ఎగిరిపోయింది. గుమాస్తా అదే చాలన్నాడు. రాయడం అయిపోగానే అలవాటు కొద్దీ బొటనవేలు చీరకొంగుకి తుడుచుకోబోయి, సిరా అంటలేదని గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. పక్కన మా అమ్మాయి ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావే అంటే చెప్పలేకపోయింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆ పలక మా అమ్మాయి అత్తారింటికి పట్టుకుపోయింది. మావాడు పుణెలో ఉంటాడు. కోడలు ఉద్యోగం చేసుకుంటూ పై చదువు చదువుతోంది. పోయిన ఆదివారం పొద్దున వాడి ఫోను. "నాన్నా, పప్పుచారులో చింతపండు ముందు వెయ్యాలా, పప్పు ఉడికాకా? తనకి పరీక్షలు, ఇవాళ వంట నాది."

"పప్పు ఉడికాక వెయ్యరా, ముందేస్తే ఉడకదు" అన్నాను. ఆ మాట అధికారంతో చెప్పగలిగినందుకు నాకు సూపరింటెండెంట్ ఆర్డరు వచ్చిననాటికంటే ఎక్కువ గర్వం కలిగింది.

ఇవాళ ఆదివారమే కదా. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెట్టేముందు మీ ఇంట్లో ఒక్కసారి అడిగి చూడండి, ఎవరికి ఏం నేర్చుకోవాలనుందో. వెంటనే ఎవరూ చెప్పరు. "ఏమీ లేదు" అంటారు. అప్పుడు మీ బీరువాలో, ఏ కవర్లోనో దాచిన కాగితం ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని తీసి ముందు మీరే వాళ్లకి చూపించండి.